కుండీలో గడ్డ లెట్యూస్: దక్షిణ తెలంగాణ చలికాలానికి సమగ్ర మార్గదర్శి

విత్తనం మొలవలేదు. మొలిచింది కానీ సన్నగా సాగి పడిపోయింది. బాగానే పెరిగింది కానీ ఆకులు క్యాబేజీలా ముడుచుకుని గడ్డ కట్టకుండా పూతకాడ వేసి చేదెక్కింది. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్ వైపు మిద్దెతోటలు పెంచేవాళ్లు పచ్చిగా తినే ఆకుకూర లెట్యూస్ గురించి అడిగేవి చాలావరకు ఈ మూడే. రెండోది వెలుతురు చాలక వచ్చేది. మిగతా రెండూ వేడి వల్ల వచ్చేవి. మన చలి పొట్టిది కాబట్టి పంట కూడా పొట్టిది కావాలి. అందుకే ఇక్కడ పెద్ద ఐస్‌బర్గ్ గడ్డల జోలికి పోకుండా పిడికెడు నుంచి దోసెడు సైజులో గడ్డ కట్టే చిన్న రకాల పెంపకమే చెబుతున్నాం.

1. ముందు కాలం లెక్క వేసుకోండి

లెట్యూస్‌కు పగలు 18 నుంచి 25 డిగ్రీలు హాయి. రాత్రి చల్లగా ఉంటే పగటి 28–30 డిగ్రీలను కూడా ఓర్చుకుంటుంది. అలాంటి వాతావరణం మన దగ్గర నవంబర్ మొదటి వారం నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా ఉంటుంది. అంటే వంద రోజుల చిల్లర. ఆ తర్వాత పగటి ఎండ 33–34 డిగ్రీలకు చేరుతుంది, పొద్దు కూడా పొడుగవుతుంది. ఈ రెండూ కలిస్తే మొక్క ఆకు వేయడం మాని పూతకాడ వేస్తుంది.

విత్తే తేదీలు ఇలా పెట్టుకోండి:

- అక్టోబర్ 20–31: మొదటి విడత. విత్తనాన్ని ఫ్రిజ్‌లో మొలకెత్తించక తప్పదు (6వ భాగం చూడండి). చిన్న రకాలు డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి లోపు కోతకు వస్తాయి.
- నవంబర్ 10–15: రెండో విడత.
- నవంబర్ 25 – డిసెంబర్ 5: మూడో విడత. నాటడం నుంచి గడ్డ కట్టేదాకా అంతా చలిలోనే సాగుతుంది. మొదటిసారి పెంచేవాళ్లు ఈ విడతతోనే మొదలుపెట్టడం మేలు.
- డిసెంబర్ 15–20: చివరి విడత. చిన్న రకాలే వేయాలి. జనవరి నెలాఖరు నుంచి షేడ్ నెట్ తప్పదు.

అచ్చంపేట దాటి అమ్రాబాద్ పీఠభూమి మీద ఉన్నవాళ్లకు ఎత్తు వల్ల మరో వారం పది రోజుల వెసులుబాటు దొరుకుతుంది. మిగతావాళ్లు జనవరిలో కొత్తగా గడ్డ రకాలు విత్తకపోవడమే మంచిది.

ప్యాకెట్ మొత్తం ఒకేసారి విత్తకండి. గ్రాము విత్తనంలో దాదాపు వెయ్యి గింజలుంటాయి. నలుగురున్న ఇంటికి విడతకు 8–10 మొక్కలు చాలు. కోసిన గడ్డ ఎక్కువ రోజులు నిల్వ ఉండదు, మొక్క మీద వదిలేస్తే ముదిరిపోతుంది. అందుకే రెండు వారాలకోసారి కొద్దికొద్దిగా విత్తుకోవాలి.

2. ఏ రకం

ఈ రోజుల లెక్కలు విత్తిన నాటి నుంచి, చలికాలానికి వర్తించేవి.

- టామ్ థంబ్: మెత్తని ఆకుల వెన్నగడ్డ (బటర్‌హెడ్) రకం. గడ్డ పిడికిలంత ఉంటుంది. 55–65 రోజులు. మొక్కల మధ్య 15 సెం.మీ. చాలు. ఆరంగుళాల కుండీలో కూడా వస్తుంది.
- లిటిల్ జెమ్: నిలువుగా ఎదిగే చిన్న రొమైన్ రకం. ఆకు కరకరలాడుతుంది. 55–65 రోజులు. మధ్య 20 సెం.మీ. దూరం.
- బటర్‌క్రంచ్: వెన్నగడ్డల్లో వేడిని కాస్త ఎక్కువ తట్టుకునేది, పూతకు ఆలస్యంగా వెళ్లేది. 60–70 రోజులు. మధ్య 20–25 సెం.మీ. దూరం.
- గ్రేట్ లేక్స్, ఇతర ఐస్‌బర్గ్ రకాలు: 85–95 రోజులు, 30 సెం.మీ. దూరం. విత్తనాల దుకాణంలో లెట్యూస్ అని అడిగితే తరచుగా చేతికిచ్చేది ఇదే. గడ్డ బిగుసుకునే వేళకు ఫిబ్రవరి ఎండ తగులుతుంది. వేయాలని పట్టుదలగా ఉంటే అక్టోబర్ విడతలో రెండు మొక్కలు వేసి చూడండి.

ఒక్క రకమే ఎంచుకోవాలంటే లిటిల్ జెమ్ తీసుకోండి. గడ్డ పూర్తిగా బిగియకపోయినా ఆకు తినడానికి బాగుంటుంది, కుండీలో చోటు కూడా తక్కువ పడుతుంది.

ప్యాకెట్ మీద ప్యాకింగ్ తేదీ చూసి కొనండి. ఒక ఎండాకాలమంతా అటక మీదో రేకుల గదిలోనో ఉన్న విత్తనం చాలావరకు చచ్చిపోతుంది. మిగిలిన విత్తనాన్ని గాలి చొరని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచితే రెండు మూడేళ్లు పనికొస్తుంది.

3. కుండీ, చోటు

లెట్యూస్ వేరు లోతుకు పోదు, పక్కలకు పరుచుకుంటుంది. అందుకే లోతైన బకెట్ కన్నా వెడల్పాటి తొట్టి నయం. 15–20 సెం.మీ. మట్టి లోతు సరిపోతుంది.

- ఆరంగుళాల కుండీ: ఒక టామ్ థంబ్
- ఎనిమిది అంగుళాల కుండీ: ఒక లిటిల్ జెమ్ లేదా బటర్‌క్రంచ్
- రెండడుగుల పొడుగు, ఎనిమిది అంగుళాల వెడల్పున్న తొట్టి: మూడు లిటిల్ జెమ్ లేదా నాలుగు టామ్ థంబ్
- పండ్ల దుకాణాల్లో దొరికే థర్మకోల్ డబ్బా: సైజును బట్టి నాలుగు నుంచి ఆరు. తేలికగా ఉంటుంది, వేడిని లోపలికి రానివ్వదు. మన ఎండకు ఇది చాలా మంచి తొట్టి.

అడుగున చిటికెన వేలు పట్టేంత రంధ్రాలు కనీసం నాలుగు ఉండాలి. నల్ల గ్రో బ్యాగులు, నల్ల ప్లాస్టిక్ కుండీలు ఎండకు కాగిపోతాయి. అవే ఉంటే బయటి వైపు తెల్ల సున్నం పూయండి, లేదా గోనెపట్ట చుట్టండి.

డాబా మీద కుండీని నేరుగా స్లాబు మీద పెట్టవద్దు. కింద రెండు ఇటుకలు పెడితే గాలి ఆడుతుంది, స్లాబు వేడి వేర్లకు తగలదు, నీళ్లూ నిలవవు.

పిట్టగోడ ఎటువైపు ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పడమటి పిట్టగోడకు లోపలి వైపు ఆనించిన కుండీలకు ఉదయమంతా ఎండ తగిలి, మూడు దాటాక గోడ నీడ పడుతుంది. తూర్పు పిట్టగోడకు ఆనించిన వాటికి సాయంత్రపు ఎండతో పాటు గోడ వదిలే వేడి కూడా తగులుతుంది. నవంబర్, డిసెంబర్‌లలో ఎక్కడ పెట్టినా ఫర్వాలేదు, రోజుకు ఐదారు గంటల ఎండ ఉంటే చాలు. జనవరి నెలాఖరుకు మాత్రం అన్నిటినీ పడమటి గోడ పక్కకు చేర్చండి.

4. మట్టి కలపడం

మన ఎర్ర చల్కా మట్టి ఒక్కటే కుండీలో పోస్తే నాలుగు తడులకే గట్టిపడి నీళ్లు దిగవు. నల్లరేగడి కుండీకి పనికిరాదు, తడిస్తే జిగట, ఆరితే పగుళ్లు.

పది లీటర్ల మట్టికి కొలత:

- జల్లెడ పట్టిన ఎర్రమట్టి: 4 లీటర్లు
- కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు): 3 లీటర్లు
- బాగా మాగిన పెంట ఎరువు లేదా వర్మీ కంపోస్ట్: 3 లీటర్లు
- వేపపిండి: 50 గ్రాములు (పెద్ద పిడికెడు)
- ట్రైకోడెర్మా విరిడి పొడి (కుళ్లు తెగుళ్లను ఆపే మేలు శిలీంధ్రం): 10 గ్రాములు, ఎరువులో కలిపి

కోకోపీట్ ఇటుకలో ఉప్పు ఉంటుంది. నానబెట్టి పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ మంచినీళ్లు పోసి పిండాలి. రెండు మూడు సార్లు చేయాలి. ఈ పని ఎగ్గొట్టిన కుండీల్లో నారు మొదటి వారంలోనే ఆకు అంచులు మాడ్చుకుంటుంది.

కలిపిన మట్టిని తడిపి వారం పది రోజులు నీడలో పెట్టి, తర్వాత వాడండి. సున్నం కలపవద్దు. మన మట్టికీ బోరు నీళ్లకూ క్షారగుణం ఇప్పటికే ఎక్కువ.

పెంట ఎరువు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది పచ్చిగా తినే ఆకు. వంకాయకో బెండకో వాడినట్టు సగం మాగిన పేడ ఎరువు దీనికి వాడకూడదు. కనీసం నాలుగు నెలలు మాగి, పేడ వాసన పోయి, చేత్తో పిసికితే పొడిపొడిగా రాలేదే వాడాలి. జీవామృతం, పేడనీళ్లు, ఆవుమూత్రం కూడా ఈ ఆకు మీద చల్లవద్దు. పేడలో ఉండే సూక్ష్మజీవులు గడ్డ మడతల్లో దాక్కుంటే ఎంత కడిగినా పూర్తిగా పోవు, ఉడికించే పని కూడా లేదు కదా.

5. ఏ నీళ్లు పోస్తున్నారు

అన్నీ సరిగ్గా చేసినా మొక్క ఎదగడం లేదనేవాళ్లలో చాలామందికి అసలు కారణం నీళ్లలోనే ఉంటుంది. లెట్యూస్ ఉప్పును బాగా తట్టుకునే మొక్క కాదు. ఇంట్లో టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలను పీపీఎంలో చూపేది) ఉంటే కొలిచి చూడండి. 500 లోపు ఉంటే నిశ్చింతగా పోయొచ్చు. 600 దాటితే ఎదుగుదల తగ్గడం మొదలవుతుంది. 1000 దాటిన బోరు నీళ్లతో గడ్డ లెట్యూస్ పెంచాలనుకోవద్దు.

మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఇక్కడ అన్నిటికన్నా మంచివి. లేదా కార్తీకంలో పడే వాన నీళ్లను డ్రమ్ములో పట్టి మూత పెట్టుకోండి. బోరు నీళ్లే దిక్కయితే సగం నల్లా నీళ్లు, సగం బోరు నీళ్లు కలిపి పోయండి.

ఆర్‌వో మెషీన్ నుంచి బయటికొచ్చే వేస్ట్ నీళ్లు వృథా పోతున్నాయని చాలా ఇళ్లలో కుండీలకు మళ్లిస్తారు. ఆ నీళ్లలో బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి ఉంటుంది. గిన్నెలు తోమడానికి వాడుకోండి, లెట్యూస్‌కు మాత్రం పోయకండి.

కుండీ అంచున, మట్టి పైన తెల్లని పొర కనిపిస్తే ఉప్పు పేరుకుందని అర్థం. రెండు వారాలకోసారి మంచినీళ్లు ఎక్కువగా పోసి, పోసినదాంట్లో నాలుగోవంతైనా అడుగు నుంచి కారిపోయేలా చూడండి.

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు లాంటి చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిసిందే. మొక్కకు పోసేది ఏదైనా, కోసిన ఆకును మాత్రం తాగే నీళ్లతోనే కడగండి.

6. విత్తనం మొలిపించడం

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. లెట్యూస్ విత్తనానికి 15–22 డిగ్రీలు కావాలి. 28–30 దాటితే విత్తనం చావదు కానీ మొలవకుండా నిద్రలోకి జారుకుంటుంది. తడి తగిలిన మొదటి ఒకటి రెండు రోజులు ఎంత చల్లగా ఉన్నాయన్నదే అంతా నిర్ణయిస్తుంది. అక్టోబర్ మధ్యాహ్నం డాబా మీద ట్రే తడిపితే మన ఎండ ఆ విత్తనాన్ని అక్కడికక్కడే నిద్రపుచ్చుతుంది.

ఫ్రిజ్ పద్ధతి, వరుసగా:

1. సాయంత్రం టిష్యూ పేపర్‌ను రెండు మడతలు వేసి తడిపి, నీళ్లు కారనంతగా పిండండి.
2. కావాల్సినన్ని గింజలకు మూడోవంతు ఎక్కువ కలిపి, ఒకదానికొకటి తగలకుండా చల్లండి. మడిచి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి.
3. ఫ్రిజ్‌లో కింది కూరగాయల అరలో రెండు మూడు రోజులు ఉంచండి. ఫ్రీజర్‌లో కాదు.
4. తీసి, టిష్యూ విప్పి, ఇంట్లో చల్లగా ఉండే చోట వెలుతురు తగిలేలా పెట్టండి. తాగునీళ్ల రంజన్ పక్కన, కిటికీ వెలుతురు పడే చోటు బాగుంటుంది. నేరుగా ఎండ వద్దు. టిష్యూ ఆరకుండా చూడండి.
5. ఒకటి రెండు రోజుల్లో గింజ కొన దగ్గర తెల్లని చుక్క కనిపిస్తుంది. అది రెండు మిల్లీమీటర్లు కాగానే ట్రేలో పెట్టాలి. ఐదు మిల్లీమీటర్లు దాటనిస్తే వేరు టిష్యూలోకి పట్టుకుని, తీస్తుంటే తెగిపోతుంది.

తడిపిన టూత్‌పిక్ కొనతో గింజను లేపితే అంటుకుని వస్తుంది. వేలితో పట్టుకోవద్దు.

ట్రే నింపడం: 50 లేదా 98 గదుల ప్రోట్రేలో కోకోపీట్, వర్మీ కంపోస్ట్ సమంగా కలిపి నింపండి. తడిపి, గది మధ్యలో పెన్సిల్ కొనతో చిన్న గుంట చేయండి. గింజ పెట్టి పైన రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని కోకోపీట్ మాత్రమే చల్లండి. ఈ గింజకు వెలుతురు తగలాలి, దట్టంగా కప్పితే మొలవదు. ట్రే లేకపోతే పేపర్ టీ కప్పులకు అడుగున రంధ్రం చేసి వాడొచ్చు.

డిసెంబర్ విడతకు ఫ్రిజ్ అవసరం పడదు. సాయంత్రం విత్తి, రాత్రి చలికి బయటే ఉంచి, పగలు నీడలో పెడితే ఐదారు రోజుల్లో మొలుస్తాయి. గుళికలుగా చేసిన విత్తనం అయితే టిష్యూలో పెట్టకండి. నేరుగా ట్రేలో వేసి, పై పూత కరిగేదాకా తడి ఆరనివ్వకండి.

7. నారు: మొదటి మూడు వారాలు

మొలక పైకి కనిపించిన రోజే ట్రేను ఉదయపు ఎండలోకి మార్చండి. మొదట రెండు గంటలు, నాలుగు రోజుల్లో నాలుగు గంటల దాకా పెంచుకుంటూ పోండి. "లేత మొలక కదా, ఎండకు మాడుతుందేమో" అని ఇంట్లోనే ఉంచితే తెల్లగా దారంలా సాగుతుంది. అలా సాగిన నారును బాగు చేసే మార్గం లేదు. తీసేసి మళ్లీ విత్తుకోండి, నాలుగైదు రోజులే నష్టం.

నీళ్లు కింది నుంచి ఇవ్వండి. వెడల్పాటి పళ్లెంలో అంగుళం నీళ్లు పోసి ట్రేను పది నిమిషాలు ఉంచి తీసేయండి. పైన తడి తక్కువగా ఉంటే నారుకుళ్లు రాదు. నారుకుళ్లు వస్తే కాడ మట్టి దగ్గర నొక్కేసినట్టు సన్నబడి ఒరిగిపోతుంది. ఆ గదుల్లోవి తీసేసి, రెండు రోజులు నీళ్లు తగ్గించి, గాలి ఆడనివ్వండి.

రెండు ఆకులు వచ్చాక గదికి ఒక్క మొక్కే ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించండి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది.

విత్తిన 20–25 రోజులకు నాలుగైదు ఆకులొస్తాయి. అదే నాటే అదును. నెల దాటిన ముదురు నారు గడ్డ కట్టడం మాని త్వరగా పూతకు పోతుంది.

8. నాటడం

నాటే ముందు మూడు రోజులు ట్రేను రాత్రింబవళ్లు బయటే ఉంచి, నీళ్లు కొద్దిగా తగ్గించండి. ఎండ తగ్గాక సాయంత్రమే నాటండి.

1. కుండీ మట్టిని పొద్దున్నే బాగా తడిపి ఉంచండి.
2. ట్రే గది అడుగున వేలితో నొక్కి మొక్కను మట్టిగడ్డతో సహా తీయండి. కాడ పట్టి లాగవద్దు.
3. నారు మట్టిగడ్డ పైభాగం కుండీ మట్టితో సమంగా ఉండేలా పెట్టండి. టమాటా నారులా కాడ దాకా లోతుగా పూడ్చవద్దు. ఆకులు పుట్టే గుండె భాగం మట్టిలో కూరుకుపోతే పది రోజుల్లో కుళ్లిపోతుంది.
4. చుట్టూ మట్టి తేలిగ్గా అదిమి, మొక్కకు ఒక గ్లాసు నీళ్లు మొదలు దగ్గర పోయండి.
5. రెండు రోజులు నీడలో ఉంచండి.

మధ్యాహ్నం ఆకులు వాలినా సాయంత్రానికి లేస్తే కంగారు పడక్కర్లేదు. పొద్దునపూట కూడా వాలే ఉంటే వేరు మట్టిలో సరిగా ఆనలేదని అర్థం, మళ్లీ తేలిగ్గా అదిమి తడపండి.

9. నీళ్లు, ఎరువు, నీడ

తడి ఒకే తీరుగా ఉండాలి. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు కుండ నిండా పోస్తే ఆకు చేదెక్కుతుంది, అంచులు మాడతాయి. ఎనిమిది అంగుళాల కుండీకి డిసెంబర్‌లో రోజుకు పావు లీటరు, జనవరి నెలాఖరు నుంచి దాదాపు అర లీటరు. ఈ అంకెల కన్నా వేలినే నమ్మండి: మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చితే తడి తగలాలి, కానీ బురద అంటుకోకూడదు.

పొద్దున ఏడెనిమిది గంటల లోపే పోయండి, ఆకు మీద కాకుండా మొదలు దగ్గర. డాబా మీది నల్ల ట్యాంకు నీళ్లు, స్లాబు మీద పరిచిన పైపులో నిలిచిన నీళ్లు మధ్యాహ్నానికి వేడెక్కుతాయి. ముందు చేయి పెట్టి చూసి, వేడి నీళ్లు వదిలేశాకే కుండీకి పెట్టండి.

మట్టి మీద రెండు మూడు సెంటీమీటర్ల మందాన ఎండిన వేరుశనగ పొట్టు పరిస్తే తడి ఆరదు, వేర్లు చల్లగా ఉంటాయి. వనపర్తి, గద్వాల వైపు ఇది సులభంగా దొరుకుతుంది. మిగతా చోట్ల వరిగడ్డి ముక్కలు చేసి వాడండి. మొదలుకు రెండు వేళ్ల దూరం వదలండి.

ఎరువు: నాటిన పది రోజులకు గుప్పెడు వర్మీ కంపోస్ట్ కుండీ అంచు వెంట వేసి మట్టిలో కలపండి. ఇరవై రోజులకు మరోసారి. రసాయన ఎరువు వాడేవాళ్లు 19:19:19ను (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) లీటరు నీళ్లకు ఒక గ్రాము చొప్పున కలిపి, మొక్కకు 200 మి.లీ., పది పన్నెండు రోజులకోసారి మొదలు దగ్గర పోయొచ్చు. యూరియా చిటికెడైనా వద్దు. ఆకు గబగబా ఉబ్బి, పలచబడి, పేనుబంకను పిలుస్తుంది. కోతకు పది రోజుల ముందే అన్ని ఎరువులూ ఆపండి.

నీడ: పగలు 31 డిగ్రీలు దాటుతున్నప్పటి నుంచి 50 శాతం షేడ్ నెట్‌ను మొక్కలకు రెండడుగుల పైన, పదకొండు నుంచి నాలుగు దాకా కట్టండి. రోజంతా వద్దు. వెలుతురు తగ్గితే గడ్డ వదులుగా ఉండిపోతుంది.

10. గడ్డ కట్టే దశ

నాటిన 25–30 రోజులకు మధ్య ఆకులు లోపలికి ముడుచుకోవడం మొదలవుతుంది. ఇక్కడి నుంచి రెండు మూడు వారాలే కీలకం. ఈ రోజుల్లో మొక్క వేరు కదిలించడం, వేరే కుండీలోకి మార్చడం, బయటి ఆకులు కోసుకు తినడం మానేయండి. గడ్డ నిండేది ఆ బయటి ఆకులు పట్టిన బలంతోనే.

లోపలి లేత ఆకుల అంచులు గోధుమరంగులో మాడినట్టు కనిపిస్తే పురుగు అనుకుని మందు కొట్టకండి. ఆ ఆకుకు కాల్షియం అందలేదన్నమాట. మట్టిలో కాల్షియం లేక కాదు, మన నీళ్లలో అది దండిగా ఉంటుంది. కాల్షియం నీళ్లతో పాటే మొక్కలో పైకి పోతుంది. ఆ నీళ్లు ఆవిరి విడిచే బయటి ఆకుల వైపే ఎక్కువగా పోతాయి. గడ్డలో మూసుకుపోయిన ఆకు ఆవిరి వదలదు కాబట్టి దానికి వాటా తక్కువ. తడి ఒక రోజు తప్పినా, నత్రజని ఎక్కువై గబగబా పెరిగినా మొదట దెబ్బతినేది ఆ లోపలి ఆకే. కాబట్టి విరుగుడు కాల్షియం ప్యాకెట్లలో లేదు. తడి తప్పకుండా చూసి, ఎరువు ఆపి, గాలి ఆడేలా కుండీలను ఎడంగా జరిపి, గడ్డను రెండు రోజులు ముందే కోసేయండి. మాడిన అంచు తీసేస్తే మిగతా ఆకు తినొచ్చు.

గడ్డ మధ్యలోంచి మొన పైకి పొడుచుకొస్తుంటే పూతకాడ బయల్దేరినట్టే. అది కనిపించిన రోజే కోయండి. కాడ విరిస్తే కారే తెల్లటి పాలలోనే ఆ చేదు ఉంటుంది, రోజు గడిచేకొద్దీ ఆకులోకి ఎక్కువ పాకుతుంది.

11. పురుగులు, తెగుళ్లు, కోతులు

- పేనుబంక: డిసెంబర్, జనవరిలో ఆకు అడుగున, గడ్డ మడతల్లో గుంపుగా చేరుతుంది. గడ్డ కట్టకముందే చూడాలి. నీళ్ల ధారతో కొట్టండి. తగ్గకపోతే లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రవం కలిపి సాయంత్రం ఆకు అడుగున పిచికారీ చేయండి. గడ్డ మూసుకున్నాక వేపనూనె కొట్టవద్దు, ఆ వాసన, చేదు మడతల్లో ఉండిపోతాయి.
- పొగాకు లద్దెపురుగు: ఆకుకు పెద్ద రంధ్రాలు, పక్కన నల్లని రెట్టలు. రాత్రి ఎనిమిది దాటాక టార్చి వేసి ఏరేయండి. కుండీల తోటకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.
- ఆకు తొలిచే పురుగు: ఆకు మీద తెల్లని వంకర గీతలు. ఆ ఆకు తుంచి బయట పారేయండి.
- బూజు తెగులు: మంచు కురిసే రోజుల్లో ఆకు పైన లేత పసుపు మచ్చలు, కింద తెల్లని బూజు. అంటిన ఆకులు తీసి, మొక్కలను ఎడంగా పెట్టి, సాయంత్రం నీళ్లు పోయడం ఆపండి.
- నత్తలు: కుండీ కింద ఇటుకల సందుల్లో దాక్కుంటాయి. పొద్దున్నే ఇటుక లేపి చూడండి.

పిట్టలు లేత నారును తెంపుతాయి, దోమతెర కప్పితే చాలు. కోతులున్న ఊళ్లలో నైలాన్ వల నిలవదు, చింపేస్తాయి. వెల్డ్‌మెష్ (గట్టి ఇనుప జాలీ)తో మూత ఉన్న పెట్టె చేయించి, థర్మకోల్ డబ్బాలు అందులో పెట్టుకోవడమే నమ్మకమైన దారి.

పచ్చిగా తినే ఆకు కాబట్టి ఘాటైన రసాయన పురుగుమందులు దీని దగ్గరికి రానివ్వకండి. మొక్క పోతే పోనీయండి.

12. కోత, నిల్వ

వేళ్ల వెనక వైపుతో గడ్డను మెల్లగా నొక్కి చూడండి. మూసిన పిడికిలిని నొక్కినట్టు కొంచెం మెత్తగా, లోపల గట్టిగా తగిలితే వెన్నగడ్డ కోతకొచ్చినట్టు. లిటిల్ జెమ్ జానెడు లోపు ఎత్తులో ఉండి నడుము గట్టిపడితే చాలు. ఇంకా పెద్దదవుతుందని ఆగవద్దు.

- ముందు రోజు సాయంత్రం మొదలు దగ్గర నీళ్లు పోయండి.
- తెల్లవారి ఏడు లోపే, పదునైన కత్తితో మట్టికి రెండు సెంటీమీటర్ల పైన కోయండి.
- చల్లని తాగునీళ్లలో పది నిమిషాలు ముంచి, ఆకులు కాస్త విడదీసి మరో రెండు నీళ్లు మార్చి కడగండి.
- నీళ్లు పూర్తిగా ఓడ్చి, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, మూత డబ్బాలో ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. ఐదారు రోజులు ఉంటుంది.
- అరటి, జామ, బొప్పాయి, పండిన టమాటా పక్కన పెట్టవద్దు. అవి వదిలే ఇథిలీన్ వాయువుకు ఆకు మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి.

డిసెంబర్‌లో కోసిన మొక్కకు మొదలు, రెండు కింది ఆకులు వదిలితే మూడు వారాల్లో మళ్లీ లేత ఆకులు వేస్తుంది. గడ్డ కట్టదు కానీ ఒక గిన్నెడు ఆకు వస్తుంది. ఫిబ్రవరిలో కోసినదాన్ని వదిలినా లాభం లేదు.

13. ఏది కనిపిస్తే ఏం చేయాలి

☐ వారమైనా మొలవలేదు: వేడి, లేదా లోతుగా కప్పడం, లేదా పాత విత్తనం. పది గింజలు ఫ్రిజ్ పద్ధతిలో పెట్టి చూడండి. అందులోనూ మొలవకపోతే ప్యాకెట్ మార్చండి.

☐ లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా: క్షారపు నీళ్ల వల్ల ఇనుము అందలేదు. నల్లా నీళ్లకు మారండి, గుప్పెడు వర్మీ కంపోస్ట్ వేయండి.

☐ కింది ఆకులు పసుపు, ఎదుగుదల లేదు: ఎరువు చాలలేదు లేదా కుండీ అడుగున నీళ్లు నిలిచాయి. ముందు రంధ్రాలు చూడండి.

☐ పాత ఆకుల అంచులు మాడాయి: ఉప్పు. మంచినీళ్లతో మట్టి కడగండి.

☐ ఆకులు విచ్చుకునే ఉన్నాయి, గడ్డ లేదు: ఇరుకుగా నాటడం, నీడ ఎక్కువ కావడం, లేదా ఎండలు ముదరడం. ఫిబ్రవరి అయితే ఆకుగానే కోసుకోండి.

☐ మొక్క ఒక్కసారిగా వాలింది, మొదలు గోధుమరంగు: గుండె పూడింది లేదా కుళ్లింది. తీసేసి ఆ మట్టిని ఎండబెట్టండి.

14. పంట తీసేశాక కుండీ మట్టి

వేర్లు పీకి, మట్టిని గోనెపట్ట మీద కుమ్మరించి, ఏప్రిల్ ఎండలో వారం రోజులు తిరగేస్తూ ఆరబెట్టండి. మళ్లీ కుండీలో నింపి, కుండీ పట్టేదానికి రెండింతల మంచినీళ్లు నెమ్మదిగా పోస్తే పేరుకున్న ఉప్పు కారిపోతుంది. అదే మట్టిలో వానాకాలం తోటకూరో గోంగూరో వేసుకోవచ్చు. మళ్లీ లెట్యూస్ వేసే ముందు మాత్రం మూడోవంతు పాత మట్టి తీసి, అంతే కొత్త ఎరువు, కోకోపీట్ కలపాలి.